హెట్టీ మెడలో చెక్క బిళ్ళ

కోపం తెచ్చుకోకుండా హెట్టీ విల్లెట్స్ గురించి చెప్పడం నా వల్ల కాదు. ఓసారి మా చెల్లెలు అడిగితే నిదానంగానే మొదలుపెట్టాను. సగంలోకి వచ్చేసరికి నా గొంతు వీధి చివరిదాకా వినిపించిందట. ఇప్పుడూ అంతే అవుతుంది. వినేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

ఇంగ్లండు నడిమధ్య మా ఊరు క్రాడ్లీ హీత్‌లో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఒకే బడి వంటగదిలో ఇద్దరం ఏళ్ళ తరబడి పనిచేశాం. ఆవిడ వడ్డన కిటికీ దగ్గర, నేను వెనకాల గిన్నెల తొట్టి దగ్గర. హెట్టీ పొట్టి మనిషి. భుజాలు మాత్రం మగవాళ్ళకు ఉండాల్సినవి. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరినీ 'బంగారం' అనేది, తిట్టేటప్పుడు కూడా. చేతులు కడుక్కోకుండా వస్తే తోలు తీస్తాను బంగారం అని ఆవిడ బెదిరిస్తే పిల్లలు నవ్వుకుంటూ కుళాయి దగ్గరికి పరిగెత్తేవారు.

ఆ భుజాలు కొలిమి దగ్గర వచ్చినవి. వాళ్ళమ్మ ఇంటి వెనక పాకలో గొలుసులు చేసేది. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళ పని అదే. పసిపిల్లను బుట్టలో పడుకోబెట్టి, ఎర్రగా కాలిన ఇనప కడ్డీని వంచి, కొట్టి, లంకె వేసి, మళ్ళీ ఇంకో కడ్డీ. హెట్టీకి నడక కుదురుకోగానే కొలిమితిత్తి చేతికిచ్చారు. సుత్తుల మోతలో మనిషి మాట మనిషికి వినపడేది కాదు. అందుకని వాళ్ళమ్మ ఏది వద్దన్నా ఒక్కసారితో సరిపెట్టేది కాదు. ముట్టుకోకు, వద్దు, ఏదీ ముట్టుకోకు అని ఒకే ఊపులో కేకేసేది. ఒకసారి ఆ కేక కూడా మోతలో కలిసిపోయింది. హెట్టీ ముంజేతి మీద లంకె ఆకారంలో ఉన్న మచ్చ అప్పటిదే.

మా ఊరి ఇంగ్లీషులో కాదనే మాట జంటగా రావడానికి ఆ సుత్తుల మోతే కారణమని హెట్టీ వాదన. అది నిజమో, ఆవిడ సొంత కల్పనో నాకు తెలియదు. మా తీరైతే అదే. నా దగ్గర ఏమీ లేదని చెప్పడానికి చదువుకున్నవాళ్ళకు ఒక్క 'లేదు' సరిపోతుందట. మేం రెండు వేస్తాం. కెనాట్ అనాల్సిన చోట 'కోర్' అంటాం. డిడ్ నాట్ అనాల్సిన చోట 'డే' అంటాం. మా అమ్మమ్మలు అన్నారు, మేమన్నాం, మా పిల్లలన్నారు. ఆ మాటలతోనే పెళ్ళిళ్ళు చేసుకున్నాం, సమ్మెలు చేశాం, పోయినవాళ్ళను పూడ్చుకున్నాం. ఎవరు ఎవరికి ఏం వద్దన్నారో అర్థం కాకపోవడం అనేది మా ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు.

లోర్నా టిబెట్స్ ఐదేళ్ళ పిల్లగా మా బడికి వచ్చింది. ఊదితే ఎగిరిపోయేలా ఉండేది. ఆ పిల్లకు చేప పడదు. ఒక్క ముక్క లోపలికి పోతే చాలు, మొహం ఉబ్బిపోయి ఊపిరాడదు. మా బడిలో శుక్రవారం అంటే చేపే. వాళ్ళమ్మ మేకుల ఫ్యాక్టరీలో పని. మొదటిరోజే పిల్లను తీసుకుని నేరుగా వంటగదికి వచ్చి, హెట్టీ చేతులు పట్టుకుని ఏడ్చినంత పని చేసింది. ఆ వారం నుంచి లోర్నాకు శుక్రవారం వేరే ప్లేటు. చీజ్ వేసి మెదిపిన బంగాళాదుంప, మూతపెట్టి వెచ్చగా ఉంచేది హెట్టీ.

అంతటితో ఊరుకుంటే ఆవిడ హెట్టీ ఎందుకవుతుంది. రేపు నేను మంచమెక్కితే ఎవరు వడ్డిస్తారో, నీ సంగతి వాళ్ళకేం తెలుస్తుంది, నీ నోటితో నువ్వే చెప్పుకోవాలి బంగారం అని ఆ పిల్లకు తర్ఫీదు మొదలుపెట్టింది. బడి వదిలాక లోర్నా కిటికీకి అటువైపు నిలబడేది. హెట్టీ గరిటె పట్టుకుని ఒకసారి ముసలి గొంతుతో, ఒకసారి కసురుతూ, ఒకసారి ముద్దుచేస్తూ చేప కావాలా అని అడిగేది. నేను తినకూడదు, నాకేం వద్దు అని ఆ పిల్ల మా భాషలో, జంట లేదులతో, గొంతు చించుకుని చెప్పేది. వినపళ్ళేదే, చెవిటిదాన్ని అనేది హెట్టీ. పిల్ల ఇంకా గట్టిగా అరిచేది. నేను తొట్టి దగ్గర నవ్వలేక చచ్చేదాన్ని. మామూలు రోజుల్లో నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల, శుక్రవారం మాత్రం హాలంతా మోగేలా చెప్పడం నేర్చింది.

అప్పుడొచ్చింది మిస్ ఆవెరిల్, లండన్ వైపు నుంచి, మాకు హెడ్‌మిస్ట్రెస్‌గా.

చెడ్డ మనిషి అనను. చెడ్డ మనిషైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఈవిడ మా పిల్లలను బాగుచెయ్యడానికి వచ్చింది. మా పిల్లలకు పెద్ద ఉద్యోగాలు రాకపోవడానికి వాళ్ళు కాదని చెప్పే తీరే కారణమని తేల్చేసింది. ఊళ్ళో ఒకదాని తర్వాత ఒకటి ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి, అది కారణం కాదట. ప్రతి తరగతి గోడకూ ఒక అట్ట అంటించింది. ఒక పక్క సరైన కాదులు, ఇంకో పక్క తప్పు కాదులు. మా మాటలన్నీ తప్పు పక్కన, ఎర్ర గీత కింద ఉన్నాయి. మా అమ్మ మాట్లాడిన మాటను గోడకు అంటించి ఎర్రగీత కొడితే నాకెలా ఉంటుందో మీరే చెప్పండి.

అట్టతో పని జరగలేదని బిళ్ళ చేయించింది. విరిగిన కుర్చీ చెక్క కోయించి, చిల్లిపెట్టి, తాడు కట్టించింది. దాని మీద ఎర్ర రంగుతో 'నాట్' అన్న ఒకే మాట. ఎవరైనా తప్పు కాదు పలికితే బిళ్ళ వాళ్ళ మెళ్ళో పడుతుంది. దాన్ని వదిలించుకోవాలంటే ఒకటే దారి, ఇంకో పిల్ల నోట తప్పు కాదు వినాలి, పట్టివ్వాలి. శుక్రవారం సాయంత్రానికి బిళ్ళ ఎవరి దగ్గరుంటే వాళ్ళు బడి మొత్తం ముందు వేదిక ఎక్కి, సరైన వాక్యం చెప్పేదాకా నిలబడాలి. తల అడ్డంగా ఊపడం కూడా నిషిద్ధం. గాడిదలు తల ఊపుతాయి, పిల్లలు పూర్తి వాక్యంలో మాట్లాడతారు అంది.

పిల్లలు ఊరుకుంటారా, అందులో ఆరితేరిపోయారు. బిళ్ళ ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళను గుచ్చి గుచ్చి అడిగేవారు. నా పెన్సిల్ నువ్వు తీశావా, నా బంతి నీ దగ్గరుందా. లేదు అనక తప్పని ప్రశ్నలే అన్నీ. అన్నారో, బిళ్ళ మెళ్ళో పడ్డట్టే. ప్రాణస్నేహితులు ఒకరి నోరు ఒకరు కాచుకుని కూర్చునేవారు. చివరికి పిల్లలు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే అసలు కాదనడమే మానెయ్యడం. ఏది అడిగినా యెస్ ప్లీజ్. ఆ రెండు మాటల్లో తప్పు దొర్లదు.

నాకు ముందు తెలిసింది తొట్టి దగ్గర. ఎన్నడూ లేనిది ప్లేట్లలో ఉడకబెట్టిన క్యాబేజీ కుప్పలు కుప్పలుగా వెనక్కి వస్తోంది. వద్దనే నోరు లేక అందరూ పెట్టించుకుంటున్నారు, తినలేక పారేస్తున్నారు. పందులు పెంచే ఆయన బకెట్లు మోసుకుపోతూ మీ బడి చల్లగా ఉండాలి అన్నాడు. మిస్ ఆవెరిల్ కిటికీ దగ్గర నిలబడి, పిల్లలు ఎంత మర్యాద నేర్చుకున్నారో చూశారా మిసెస్ విల్లెట్స్ అంది. హెట్టీ మూతి బిగించుకుని గరిటె తిప్పింది. దీన్ని మర్యాద అనరు మావిస్, భయం అంటారు అని తర్వాత నాతో అంది.

హెట్టీ అక్క పక్క ఊరు నెదర్టన్‌లో పోయింది. పూడ్చేది శుక్రవారం. హెట్టీ పొద్దున్నే వచ్చి, నల్ల కోటు మీదే ఏప్రన్ కట్టుకుని, లోర్నా ప్లేటు చేసి మూతపెట్టి, వేరే బడి నుంచి ఆ పూటకు వచ్చిన మనిషికి అప్పగించి వెళ్ళింది. చేప వద్దని ఒక పిల్ల గట్టిగా అరుస్తుంది, ఈ ప్లేటు ఆ పిల్లకియ్యి అంది. అరవకపోవచ్చన్న ఆలోచన ఎవరికి మాత్రం వస్తుంది.

ముందురోజు ఒక పెద్దపిల్ల, నా గెంతే తాడు నీ దగ్గరుందా అని లోర్నాను అడిగింది. లేదంది లోర్నా, మా తీరుగా. బిళ్ళ మెళ్ళో పడింది. శుక్రవారం మధ్యాహ్నం ఆ బిళ్ళతోనే వరసలో నిలబడింది. సాయంత్రం వేదిక ఎక్కాలి. వెనక నిలబడ్డవాళ్ళంతా ఆ పిల్ల నోటికేసే చూస్తున్నారు. ఆ పూట మనిషి చేప కావాలా తల్లీ అని అడిగింది. యెస్ ప్లీజ్ అంది లోర్నా.

నేను తొట్టి దగ్గర నుంచి కేకలు విని పరిగెత్తాను. పిల్ల నేల మీద ఉంది. ఆ మొహం ఎలా ఉందో నేను చెప్పను. అంబులెన్సు వాళ్ళు గొంతు దగ్గర అడ్డమొస్తోందని బిళ్ళ తాడు కత్తిరించి పక్కన పారేశారు.

బతికింది. దేవుడి దయో, డాక్టర్ల దయో. హెట్టీ శ్మశానం నుంచి ఇంటికి కూడా రాకుండా, బూట్ల మట్టితోనే ఆసుపత్రికి పోయింది. ఎందుకు చెప్పలేదు బంగారం అని అడిగిందట. కళ్ళు ఇంకా సరిగా తెరుచుకోని ఆ పిల్ల చెప్పిన మాట హెట్టీ ఇంటికొచ్చి నాకు చెప్పింది.

"ఏ కాదు కరెక్టో గుర్తు రాలేదు మిస్. వెతుక్కుంటున్నా. వెనకాల అందరూ వింటున్నారు. అందుకే యెస్ ప్లీజ్ అన్నా."

ఇది చెబుతున్నప్పుడు హెట్టీ ఏడవలేదు. నా వంటగది కుర్చీలో నల్ల కోటు విప్పకుండా అలాగే కూర్చుంది. నేనే ఏడ్చాను, ఏడ్చి, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను.

సోమవారం మిస్ ఆవెరిల్ మా వంటగదికి వచ్చింది. జరిగినదానికి చాలా విచారిస్తున్నానంది. పిల్ల స్పష్టంగా 'యెస్ ప్లీజ్' అందని ఆ పూట మనిషే చెప్పింది గనక పొరపాటు వంటగదిలోనే ఎక్కడో జరిగిందంది. ఆ పిల్ల ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది కదా, ఎందుకు చెప్పలేదో తనకు అర్థం కావడం లేదంది. నా చేతిలో అప్పుడు కూరగాయల కత్తి లేకపోవడం ఆవిడ అదృష్టం.

ఇంకా వినండి. ఆవిడ వెనక, హాలు తలుపు పక్క మేకుకు బిళ్ళ వేలాడుతోంది. అంబులెన్సు వాళ్ళు కత్తిరించిన తాడు తీసేసి, కొత్త తాడు కట్టించి పెట్టింది. ఆ వారంలో తప్పు పలికే మొదటి పిల్ల కోసం.

హెట్టీ గరిటె కింద పెట్టింది. చేతులు తుడుచుకుని పోయి, ఆ బిళ్ళ తీసి తన మెళ్ళో వేసుకుంది. నేనేమీ చెయ్యలేదు, నాకేమీ విచారం లేదు అని మా భాషలో, ఉన్న లేదులన్నీ కలిపి, ఆవిడ మొహం మీదే అంది. తప్పు పలికాను కదా మిస్ ఆవెరిల్, ఇక ఇది నాదే, మీ రూలే అంది.

ఆ వారమంతా బిళ్ళ ఆవిడ ఏప్రన్ మీదే ఊగింది. గ్రేవీ చిందింది, కస్టర్డ్ అంటుకుంది. ఇమ్మంటే ఇవ్వలేదు. ఎవరినైనా పట్టిస్తేనే కదా నా మెడ నుంచి దిగేది, నాకు చెవులు సరిగా వినపడవు మిస్ అంది. బిళ్ళ హెట్టీ దగ్గరుంటే ఇక పిల్లలకేం భయం. మంగళవారానికి ఒకడు వద్దని గొణిగాడు. గురువారానికి హాలంతా క్యాబేజీ వద్దని గోల. పందులాయన మొహం మాడ్చుకుని ఖాళీ బకెట్లతో పోయాడు.

శుక్రవారం సాయంత్రం వేదిక దగ్గరికి రావద్దని హెట్టీకి కబురు పంపింది మిస్ ఆవెరిల్. హెట్టీ వచ్చింది. మరకల ఏప్రన్‌తో, మెళ్ళో బిళ్ళతో, ఆయాసపడుతూ వేదిక మెట్లెక్కింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. దిగిపోండి మిసెస్ విల్లెట్స్ అని మిస్ ఆవెరిల్ పళ్ళ బిగువున అంటూనే ఉంది. హెట్టీ పిల్లలకేసి తిరిగింది.

"నాకు సరైన ఇంగ్లీషు రాదు. రాకపోయినా ముసలిదాన్నయ్యేదాకా బతికా. మీకు వద్దనిపిస్తే వద్దనండి. నోటికి ఎలా వస్తే అలా అనండి. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు, బతికుంటే."

అంతే. దిగి, బిళ్ళతోనే ఇంటికి వచ్చేసింది.

పనిలోంచి తీసేశారు. తీసెయ్యకుండా ఉంటారా. విద్యాశాఖ ఆఫీసు నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చి, క్షమాపణ చెబితే పని ఉంటుందన్నాడు. హెట్టీకి ఆ కిటికీ తప్ప ఇంకేం లేదు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఇప్పుడు అక్క కూడా లేదు. ఆ మాట నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. చెప్పను అంది, జంటగా. ఆయన పాపం మర్యాదస్తుడు, ఏమన్నారు అని మళ్ళీ అడిగాడు. ఈసారి ఇంకో లేదు కలిపి చెప్పింది. అన్నేళ్ళు గరిటె తిప్పిన మనిషి, పిల్లలు హాల్లో ఉన్న వేళ, ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టి వెనక తలుపు గుండా వెళ్ళిపోయింది. మిస్ ఆవెరిల్ అక్కడే ఉంది. ఆవిడ కుర్చీకి ఏమీ కాలేదు. ఇంకో బిళ్ళ కోయించడానికి మాత్రం ధైర్యం చాల్లేదు, గేటు దగ్గర తల్లులు గుమిగూడుతున్నారు గనక. గోడ మీద అట్టలు అలాగే ఉన్నాయి.

లోర్నా తిరిగి బడికి వచ్చింది గానీ మాట రాలేదు. టీచర్లు అడిగినా లేదు, స్నేహితులు పిలిచినా లేదు. యెస్ ప్లీజ్ కూడా లేదు. శుక్రవారం ముందురోజు నేను పెరటి గోడ దగ్గర హెట్టీతో, నువ్వేం బెంగపడకు, ఆ పిల్ల ప్లేటు నేను చూసుకుంటాలే అన్నాను. ప్లేటు చెయ్యి, మాట మాత్రం నువ్వు చెప్పకు అంది హెట్టీ. నాకు ఒళ్ళు మండింది. పిల్ల ప్రాణంతో ఆటలా అన్నాను.

"చేప నోట్లో పడకుండా చూడు, అంతవరకే నీ పని. నువ్వు చెప్పావంటే ఇక జన్మలో ఎవరో ఒకరు దాని పక్కన నిలబడి చెప్పాలి. ఎవరుంటారే మావిస్, జన్మంతా?"

శుక్రవారం మూతపెట్టిన ప్లేటు పట్టుకుని నేను కిటికీ లోపల, కొత్త వడ్డన మనిషి వెనక నిలబడ్డాను. ఈవిడకు ఎవరూ ఏమీ చెప్పలేదు, నన్ను చెప్పొద్దంది హెట్టీ. మిస్ ఆవెరిల్ ఎప్పటిలాగే వరస పక్కన నిలబడింది. లోర్నా వంతు వచ్చింది. చేప కావాలా అంది కొత్తావిడ. పిల్ల పలకలేదు. మళ్ళీ అడిగింది. పలకలేదు. వెనక పిల్లలు తోసుకుంటున్నారు. ఈవిడ విసుక్కుని ఒక చేప ముక్క తీసి ఆ పిల్ల ప్లేట్లో వేసింది. నా గొంతు దాకా వచ్చింది మాట. పళ్ళు కరిచిపట్టి ఆపుకున్నాను. ఒక చెయ్యి మాత్రం కిటికీలోంచి అప్పటికే చాపి ఉంచాను, ఆ ముక్క పెదాల దాకా పోతే లాక్కుందామని.

లోర్నా ఆ ముక్కకేసి చూసింది. గోడ మీది అట్టకేసి చూడలేదు.

"నే తినకూడదు. నాకేం వద్దు, అసలొద్దు."

కోర్ అనే అంది. జంటగానే అంది. హాలు చివర కూర్చున్నవాళ్ళు కూడా తల తిప్పారు.

అప్పుడు మిస్ ఆవెరిల్ ఏం చేసిందో చెబితే మీరు నమ్మరు. వంగి, మెత్తగా, నిజంగానే ప్రేమగా, "'ఐ కెనాట్' అనాలి లోర్నా" అంది. చావు దాకా పోయొచ్చిన పిల్లతో.

లోర్నా ఆవిడకేసి తలెత్తి చూసింది. మొదటి మాటే మళ్ళీ చెప్పింది, అక్షరం మార్చకుండా, ఇంకా గట్టిగా, చెవిటివాళ్ళకు చెప్పినట్టు. చెప్పి ప్లేటు నా వైపు తోసింది. నేను హెట్టీ వంటకం లాంటిదే, ఆవిడ చేసినంత బాగా కుదరనిది, ఆ పిల్ల చేతికిచ్చాను.

పని అవ్వగానే పెరట్లోకి పోయాను. హెట్టీ బొగ్గుల గది దగ్గర ఉంది. గాలికి ఆ తలుపు కొట్టుకోకుండా కింద ఒక చెక్క పెట్టింది, చూస్తే ఆ బిళ్ళే. ఎర్ర రంగు సగం అరిగిపోయింది. నేను గోడ మీదికి వంగి, ఆయాసపడుతూ, పిల్ల ఏమందో, ఆవిడేం దిద్దిందో, పిల్ల మళ్ళీ ఏ మాట వాడిందో అంతా పూస గుచ్చినట్టు చెప్పబోయాను. హెట్టీ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏ మాట అందో నాకెందుకే. ప్లేటు వెనక్కి తోసిందా లేదా, అది చెప్పు."

"తోసింది" అన్నాను.

హెట్టీ బొగ్గుల బకెట్ కింద పెట్టి, ఆ మచ్చ ఉన్న చేత్తో గోడ పట్టుకుంది. తర్వాత ఏప్రన్ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. అక్కను పూడ్చిన రోజు కూడా ఏడవని మనిషి.